కొర్రీదో అర్థం పట్టుకోవడం ఎలా: ఫెలిపె ఆంహెలెస్ పాటతో ఒక కసరత్తు

మెక్సికో విప్లవం నాటి కథాగేయాల్లో జనరల్ ఫెలిపె ఆంహెలెస్ మరణం మీద పాడేది బాగా పేరున్న పాట. ‘1920లో, అయ్యలారా గుర్తుంచుకోండి, చివావాలో గుండెదిటవు గల ఓ జనరల్‌ని కాల్చేశారు’ అంటూ ఎత్తుకుంటుంది. ఆయన్ని కాల్చింది 1919 నవంబర్ 26న. అంటే మొదటి పాదంలోనే తప్పు ఉంది. కొత్తగా చదివేవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా పొరబడతారు. కొందరు పాట నమ్మదగింది కాదని పక్కన పెట్టేస్తారు. కొందరు ‘పాటే కదా, ఏముందిలే’ అని దాటేస్తారు. ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చుకుంటే మాత్రం ఈ పాటలు ఎలా కట్టారో సగం తెలిసిపోతుంది.

ఈ తరహా పాటను స్పానిష్‌లో కొర్రీదో అంటారు. ‘పరుగెత్తడం’ అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టిన పేరది. కథ ఆగకుండా సాగిపోతుంది, పల్లవి లేకుండా ఒకే వరుసలో చరణం వెంట చరణం నడుస్తుంది. పాత స్పెయిన్ కథాగేయమైన రొమాన్సేకు ఇది వారసురాలని జానపద పండితుడు విసెంతె మెందోసా 1939లో గట్టిగా వాదించాడు. ఆ వంశవృక్షం మీద తగవులు ఉన్నాయి. పాట అర్థం పట్టుకోవడానికి వాటితో పని లేదు.

పాఠం సంపాదించడం

కొర్రీదోకు ‘అసలు పాఠం’ అంటూ ఒకటి ఉండదు. కనీసం మూడు పాఠాలు దగ్గర పెట్టుకోండి: ఒక అచ్చు సంకలనం, ఒక పాత రికార్డు, ఆ తర్వాతి కాలపు రికార్డు ఒకటి. ఒక్కో పాదం ఒక్కో వరుసగా చేత్తో రాసుకుని, చరణాలకు అంకెలు వేయండి. మూడింటిలోనూ ఉన్న చరణాలు పాటకు వెన్నెముక. ఒక్కదాంట్లోనే ఉన్నవి ఆ గాయకుడు చేర్చినవో, మిగిలినవాళ్లు వదిలేసినవో అయివుంటాయి. ఆ తేడా తేలేదాకా వాటిమీద వ్యాఖ్యానం కట్టొద్దు.

రికార్డు ఒక్కటే విని తీర్పు చెప్పడం తరచుగా జరిగే పొరపాటు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. పొడుగు పాటల్ని రెండు వైపులకు విడగొట్టేవారు, లేదా కత్తిరించేవారు. కోత పడేది ఎక్కువగా నడుమ చరణాలకే: బేరసారాలకు, ఉత్తరాలకు, పోరాట వివరాలకు. ఎత్తుగడ, వీడ్కోలు మాత్రం క్షేమంగా ఉంటాయి. అలాంటి రికార్డు విన్నవాళ్లు ‘ఇందులో వీరుణ్ణి పొగడటం తప్ప ఏమీ లేదు’ అంటారు. కోసేసిన చరణాల్లో ఏముందో కింద వస్తుంది. ఆంహెలెస్ పాటలో కీలు అక్కడే ఉంది.

అచ్చు కరపత్రాలు దొరికితే ఇంకా మంచిది. పల్చటి రంగు కాగితం మీద అచ్చేసి సంతల్లో, తిరునాళ్లలో అమ్మిన పాటలవి. మెక్సికో నగరంలో ఆంతోనియో వనేగస్ అర్రోయో ముద్రణాలయం వీటికి పెట్టింది పేరు. అక్కడి బొమ్మలు చెక్కిన హోసె గ్వాదలూపె పోసాదా 1913 జనవరిలో చనిపోయాడు. కాబట్టి ఆ తర్వాతి ఘటనల కరపత్రం మీద ఆయన బొమ్మ కనిపిస్తే, పాత దిమ్మెను మళ్లీ వాడారన్నమాట. ఎవరో గుర్రం మీది మనిషి ఎవరి పాటకైనా సరిపోతాడు. బొమ్మ చూసి వీరుడి రూపురేఖలు రాయకండి.

ఇంకో సంగతి ముందే చూసుకోవాలి. విప్లవకాలపు పాటలన్నీ కొర్రీదోలు కావు. ‘లా అదెలీతా’, ‘లా వలెంతీనా’ ప్రేమపాటలు. ‘లా కుకరాచా’కు పల్లవి ఉంది, దాని చరణాలు ఏ వర్గం వాళ్లు పాడితే వాళ్లకు తగ్గట్టు మారిపోతాయి. ఉత్తరాది విప్లవ నాయకుడు పాంచో వియా మనుషులు పాడిన పాఠంలో ఆయన ప్రత్యర్థి వర్గం నాయకుడు కర్రాన్సా గడ్డం పీకి వియా టోపీకి పట్టీ కడతామంటారు. పరీక్ష తేలిక: పాటను వచనంలో రాసి చూడండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమైంది అన్నవి వరసగా తేలితే అది కొర్రీదో.

అక్షరాల లెక్క

ఈ పని విసుగు పుట్టించినా మానకండి. చరణానికి నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. రెండో పాదం, నాలుగో పాదం చివర అంత్యప్రాసతో కలుస్తాయి. ఒకటీ మూడూ కలవనక్కర్లేదు. మనకు అలవాటైన మాత్రల లెక్క, గురులఘువుల లెక్క ఇక్కడ పనికిరావు. పలికే అక్షరాల్నే లెక్కపెట్టాలి, పొల్లు హల్లు ముందు అక్షరంలో కలిసిపోతుంది. రెండు నియమాలు మాత్రం తెలియాలి. ఒక మాట అచ్చుతో ముగిసి తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఆ రెండూ కలిసి ఒక్క అక్షరం, దాదాపు మన సంధి లాగే. పాదం చివరి అక్షరం మీద ఊనిక పడితే లెక్కకు ఒకటి కలుపుకోవాలి.

ఆంహెలెస్ పాట రెండో చరణం మొదటి పాదంలో రెండు నియమాలూ కనిపిస్తాయి. ‘దె ఆర్తియేరొ కొమెన్సో’, అంటే ఫిరంగిదళంలో మొదలుపెట్టాడని. దెఆర్–తి–యే–రొ–కొ–మెన్–సో: ‘దె’, ‘ఆర్’ కలిసి ఒకటయ్యాయి, మొత్తం ఏడు. చివరి ‘సో’ మీద ఊనిక ఉంది కాబట్టి ఎనిమిది.

ఇప్పుడు తేదీ పాదం చూడండి. ఎన్–మిల్–నొ–వె–సియెన్–తొస్–వెయిన్–తె. సరిగ్గా ఎనిమిది. ‘ఎన్ మిల్ నొవెసియెంతొస్’, అంటే ‘పందొమ్మిది వందల’ అన్నది, కొర్రీదోలకు పాతుకుపోయిన ఎత్తుగడ. దానికే ఆరు అక్షరాలు ఖర్చవుతాయి. మిగిలేవి రెండే. పదమూడు, పదిహేను, ఇరవై స్పానిష్‌లో రెండక్షరాల మాటలు, హాయిగా ఇముడుతాయి. పందొమ్మిదికి ‘దియెసినువెవె’ అనాలి, నాలుగక్షరాలు. పాదం పదికి పోతుంది. పైగా ‘వెయింతె’ వెనకాలే ‘ప్రెసెంతె’, ‘వలియెంతె’ ఒకే చప్పుడుతో కలుస్తున్నాయి. నిజం చెప్పే దారి లేకపోలేదు. ‘ఎన్ మిల్’ ఎత్తేసి ‘నొవెసియెంతొస్ దియెసినువెవె’ అంటే ఎనిమిదే వస్తుంది. కానీ అలా అంటే వినేవాళ్లకు అలవాటైన గంట మోగదు. ఘటన జరిగింది నవంబర్ ఆఖర్లో, కొత్త ఏడాదికి నెల పైచిలుకు దూరంలో. ఆ కాస్త ఎడం కోసం ఎత్తుగడను చెడగొట్టుకోవడం పాటగాళ్లు చేసే పని కాదు.

కాబట్టి కొర్రీదోలో తేదీ తప్పనిపిస్తే ముందు అక్షరాలు లెక్కపెట్టండి, ఆ తర్వాతే అజ్ఞానమనో అబద్ధమనో అనండి. సకతేకస్ పట్టణాన్ని పట్టుకున్న పాటలో జూన్ 23 అన్న తేదీ సరిగ్గా ఉంది. 1914లో ఆ రోజే పట్టుకున్నారు.

ఎనిమిది రావడం లేదని కంగారుపడే సందర్భం ఒకటుంది. మొరేలోస్, గెర్రేరో ప్రాంతాల దక్షిణాది పాటల్లో పన్నెండు, ఎనిమిది అక్షరాల పాదాలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. దీన్ని బోలా అంటారు. దక్షిణాది రైతుల విప్లవ నాయకుడు సపాతా సైన్యంతో తిరిగిన పాటగాడు మార్సియానొ సిల్వా ఈ సంప్రదాయం వాడే. పన్నెండక్షరాల పాదం కనిపిస్తే పాఠం చెడిపోయిందనుకోవద్దు, పాట ఏ ప్రాంతానిదో తెలిసిందనుకోండి.

భాగాలకు గీతలు గీయడం

అర్మాందొ దువాలియెర్ 1937లో కొర్రీదోలో ఆరు భాగాలు గుర్తించాడు: పాటగాడు జనాన్ని పిలవడం; స్థలం, తేదీ, వీరుడి పేరు కలిపి ఒకటి; వీరుడి మాటకు ముందొచ్చే ఉపోద్ఘాతం; ఆ మాట లేదా సందేశం; వీరుడి వీడ్కోలు; పాటగాడి వీడ్కోలు. ఏదీ తప్పనిసరి కాదు. ఆరూ ఉన్న పాట కన్నా ఒకటో రెండో లేని పాటే ఎక్కువ మాట్లాడుతుంది. మార్జిన్లో పెన్సిల్‌తో భాగం పేరు రాసుకుంటూ వెళ్లి, ఏది లేదో చూడండి.

ఆంహెలెస్ పాట మొదటి చరణంలో పిలుపు ఉంది, ఏడాది ఉంది, ఊరు ఉంది. పేరు లేదు. ‘గుండెదిటవు గల ఓ జనరల్’ అనే ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి: కాల్చేశారని అప్పుడే చెప్పేశారు. ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ ఇక్కడ పాటగాడికి అక్కర్లేదు. మనిషి చస్తాడని తెలిశాక వినడానికి మిగిలేది ఒక్కటే, ఎలా చచ్చాడన్నది. పాట బరువంతా దానిమీదే పడుతుంది.

చివరి వీడ్కోలు దగ్గర జాగ్రత్త. ‘ఇక దీంతో సెలవు’ అని మొదలై ఏదో చెట్టు పేరో ఆకు పేరో వస్తుంది. టెక్సస్ సరిహద్దు వీరుడు గ్రెగోరియో కొర్తేస్ పాటలో అది సైప్రస్ చెట్టు. సైప్రస్ శ్మశానాల్లో పెంచే చెట్టు కదా, మృత్యువుకు ప్రతీక అని రాసినవాళ్లుంటారు. స్పానిష్‌లో దాని పేరు ‘సిప్రేస్’. రెండు పాదాల తర్వాత ‘కొర్తేస్’తో ప్రాస కలవాలి. చెట్టు వచ్చింది ముందుగా అందుకు. ఎగిరిపోయి వార్త చెప్పమని పావురాన్ని పిలిచే చరణం కూడా వందల పాటల్లో ఉన్న అచ్చుదిమ్మె. పావురం ఉంటే ఆగొద్దు. ఆ పావురాన్ని ఎవరి దగ్గరికి పంపారు, ఏం చెప్పమన్నారు అన్నచోట ఆగండి.

నిఘంటువు మోసం చేసే మాటలు

మామూలు స్పానిష్ నిఘంటువుతో ఈ పాటలు చదివితే నవ్వులపాలవుతారు. ‘పార్కె’ అంటే ఇక్కడ ఉద్యానవనం కాదు, తూటాలు, మందుగుండు. పార్కె అయిపోయిందంటే చావు దగ్గరపడిందని. ‘ప్లాసా’ అంటే ఊరి నడిబొడ్డు ఖాళీస్థలమే కాదు, దళం కాపలా ఉన్న మొత్తం పట్టణం. ప్లాసాను పట్టుకున్నారంటే ఊరు చేతికి వచ్చిందని. ‘మాకినా’ చాలాచోట్ల రైలింజన్. ‘మన్యానాస్’ అంటే ఉదయాలని రాసి ఉంటుంది, పాటల్లో మాత్రం అది కథాగేయానికే ఇంకో పేరు. ‘ఇవి బెంహమీన్ అర్గుమేదో మన్యానాస్’ అంటే ఇది ఆయన పాట అని. ‘బోలా’కు రెండర్థాలు: పైన చెప్పిన పాట రకం, విప్లవపు గందరగోళం. బోలాలో కలిశాడంటే తిరుగుబాటులో చేరాడు. ‘గాయో’ కోడిపుంజు, పోరుకు వెనుదీయని మగాడు. ‘త్రెయింతా త్రెయింతా’ ముప్పై ముప్పై రకం తూటాలు వాడే పొట్టి రైఫిల్.

శత్రువుల పేర్లు విడిగా రాసుకోండి, అవి కాలాన్ని పట్టిస్తాయి. ‘పెలోనెస్’ అంటే బోడిగుండు వాళ్లు, జుట్టు కత్తిరించిన ప్రభుత్వ సైనికులు. కుట్రతో అధ్యక్షుడైన జనరల్ వెర్తా 1914 జులైలో గద్దె దిగాక ఆ పాత సైన్యమే రద్దయింది, విప్లవకారులు తమలో తాము కొట్టుకోవడం మొదలైంది. అప్పుడు ‘కర్రాన్క్లానెస్’ అనే వెక్కిరింత వినిపిస్తుంది, కర్రాన్సా మనుషులని. పాటలో తిడుతున్నది పెలోనెస్‌నా, కర్రాన్క్లానెస్‌నా అన్నది చూస్తే ఏడాది రాయకపోయినా యుద్ధం ఏ దశలో ఉందో తెలుస్తుంది.

చరిత్రను పాట పక్కన పెట్టి చూడటం

తప్పులు పట్టడానికి కాదు, పాట ఏం వదిలేసిందో చూడటానికి. అందుకు వీరుడి జీవితం ఒక పేజీ మించకుండా రాసుకోండి. ఆంహెలెస్ 1868లో హిదాల్గో రాష్ట్రంలోని సకువల్తిపాన్‌లో పుట్టాడు. చపుల్తెపెక్‌లోని సైనిక కళాశాలలో చదివాడు, ఫిరంగుల శాస్త్రంలో నిపుణుడు, ఫ్రాన్స్‌లో పైచదువు చదివాడు. అధ్యక్షుడు మదేరో ఆయన్ని ఆ కళాశాలకే అధిపతిని చేశాడు. 1913 ఫిబ్రవరిలో వెర్తా కుట్ర చేసినప్పుడు మదేరోతో పాటు బందీ అయ్యాడు. మదేరోను చంపారు, ఈయన్ని దేశం దాటించారు. తిరిగొచ్చి కర్రాన్సా వైపు చేరి, 1914లో పాంచో వియా ఉత్తర దళానికి ఫిరంగులు నడిపాడు. సకతేకస్ గెలుపు ప్రణాళికలో ఆయన చెయ్యి పెద్దది. 1915 ఓటముల తర్వాత అమెరికాలో తలదాచుకుని, 1918 డిసెంబర్‌లో మళ్లీ వియా దగ్గరికి వచ్చాడు. కొన్ని నెలలకే విడిపోయాడు. 1919 నవంబర్‌లో పట్టుబడ్డాడు. చివావా నగరంలో వీరుల పేరిట కట్టిన నాటకశాలలో, జనం నిండిన హాల్లో సైనిక విచారణ జరిగింది. క్షమాభిక్ష విజ్ఞప్తులు రాజధానికి వెళ్లాయి, తోసిపుచ్చారు.

ఇప్పుడు పాట ముందు పెట్టుకోండి. ఫ్రాన్స్ లేదు. మదేరో లేడు. నాటకశాల లేదు, అందులో ఆయన తన రాజకీయ నమ్మకాల గురించి చేసిన సుదీర్ఘ ప్రసంగం లేదు. ఉన్నవి: ఫిరంగిదళంలో మొదలై జనరల్ కావడం, ఒక ఉత్తరం, నిరాకరణ, గడియారం, గుండె. వాదనలు చేసే చదువరి సైనికుణ్ణి పాట, చావు ముందు నిలబడ్డ ఏ మనిషైనా కాగల మనిషిగా మార్చేసింది. దాని బలం అదే. అదే దాని నష్టం కూడా: ఈ ఒక్క పాట విన్నవాళ్లకు ఆంహెలెస్ దేని కోసం చనిపోయాడో తెలియదు.

చంపిందెవరన్నదీ మొదటి చరణంలో లేదు. ‘ఫుసిలారొన్’, అంటే కాల్చేశారు. కర్త లేని బహువచనం. ఇది తెలుగుకు ఇట్టే ఒదుగుతుంది, మనమూ కర్త లేకుండా ‘కాల్చేశారు’ అంటాం. అందుకే అనువాదంలో ‘ప్రభుత్వం కాల్చింది’ అని కర్తను తగిలించొద్దు. ఆ ఖాళీని పాట కావాలనే ఉంచింది. అప్పుడు అధికారంలో ఎవరున్నారో వినేవాళ్లందరికీ తెలుసు.

అడగడం, కాదనడం, ఆ తర్వాతి మాట

కొర్రీదో అర్థం ఎక్కడుందని అడిగితే వీరుడు చావుకు ముందు చెప్పే మాటలో ఉందంటాం. కానీ ఆ మాట దానంతట అది నిలబడదు. దాని ముందు ఒక అడగడం, ఒక కాదనడం ఉంటాయి. ఆంహెలెస్ పాటలో ఆయన కాంగ్రెస్‌కు ఉత్తరం పంపుతాడు, ఈ ఆపదలో విముక్తి దొరుకుతుందేమోనని. సైనిక ఖైదీ కాబట్టి కుదరదంటారు. అప్పుడు తోటివాళ్లతో ‘ఇక నన్ను కాల్చేస్తారు’ అంటాడు. 1916లో దురాంగోలో కాల్చేసిన బెంహమీన్ అర్గుమేదో పాటలోనూ ఇదే నడక. నేనూ ధైర్యం గలవాణ్ణే, జనం చూస్తుండగా కాల్చండని జనరల్ ముర్గీయాను అడుగుతాడు. ఆ కోరిక తీర్చలేనంటాడు ముర్గీయా.

రికార్డుల్లో కోసేసేది ఈ చరణాల్నే. అవి పోతే వీరుడు పుట్టుకతోనే చావుకు భయపడని బొమ్మలా కనిపిస్తాడు. అవి ఉంటే బతకాలనుకున్న మనిషి, అడిగిన మనిషి, కాదన్నాక తల దించని మనిషి కనిపిస్తాడు. ఉత్తరం రాయడం పిరికితనం కాదా అని అడిగేవాళ్లుంటారు. పాట దాన్ని దాచలేదని గమనించండి. అడిగే హక్కు వాడుకున్నాడు, తలుపులు మూసేశారు, మూసినవాళ్లదే సిగ్గు.

తర్వాత గడియారం గంటలు చూపిస్తుంది, వేళ వస్తుంది. తుపాకులు బాగా సరిచూసుకుని గుండెకు గురిపెట్టమంటాడు. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చేది ఎవరో చూడండి. బందీయే సైనికులకు ఆజ్ఞలిస్తున్నాడు, చివరి నిమిషంలో మళ్లీ జనరల్ అయ్యాడు. ఆ వెంటనే పాటకంతటికీ తలమానికమైన చరణం వస్తుంది: చావుకు భయపడే పిరికివాళ్లలో నేను లేను, చావు ఎవరినీ చంపదు, చంపేది ‘సువెర్తె’. ‘సువెర్తె’ను నిఘంటువు అదృష్టమంటుంది. ‘చంపేది అదృష్టం’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. ఇక్కడ కావాల్సింది తలరాత. ‘మువెర్తె’ అంటే చావు, ‘సువెర్తె’ అంటే రాత. ఒక్క హల్లు తేడాతో ఈ రెండూ ప్రాస కలిసి, చావు చేతిలోని అధికారాన్ని లాక్కుని ఇంకొకరికి ఇచ్చేస్తాయి. రాతదే పెత్తనమైతే కాల్చేవాళ్లు కేవలం పనిముట్లు. వాళ్లను క్షమించినట్టూ ఉంది, లెక్కలోకి తీసుకోనట్టూ ఉంది. రెండో ఛాయే బలంగా వినిపిస్తుంది, ఎందుకంటే తర్వాతి చరణంలో ఇదిగో నా గుండె, ముక్కలు చేసుకోండి, తూటాలు తట్టుకునే ధైర్యం నా దగ్గర మిగులే ఉందంటాడు. ‘సోబ్రా’ అన్న మాటకు సరిపడా ఉండటం కాదు, అక్కర తీరాక కూడా మిగలడం అని అర్థం.

ఎవరి గొంతు

పాటగాడు ఏ వైపువాడో తెలుసుకోవడానికి విశేషణాలు, సంబోధనలు ఏరండి. సకతేకస్ పాటలో ‘తాగుబోతు వెర్తా’ అని ముఖం మీదే పిలిచి ఇప్పుడు గుండె దడదడలాడుతోందా అని అడుగుతారు. పక్షం దాచుకోలేదు. సపాతా మరణం మీది పాటలో ఒకే మాట పని మొత్తం చేసింది: ‘ఆ మన్సాల్వా’. చంపేవాడికి ఏ అపాయమూ లేకుండా, ఎదుటివాడికి చెయ్యెత్తే వీలివ్వకుండా చంపడమని. 1919 ఏప్రిల్ 10న చినమేకా హసియెందాలో (పెద్ద జమీందారీ ఎస్టేటులో), సపాతా వైపు వచ్చినట్టు నటించిన ప్రభుత్వ కల్నల్ గ్వహార్దో మనుషులు గౌరవ వందనం చేస్తున్నట్టు బారులు తీరి, బూర మోగాక కాల్చారు. ‘ఆ మన్సాల్వా’ను ‘దారుణంగా’ అని అనువదిస్తే ద్రోహం మాయమవుతుంది. ‘నమ్మించి, గొంతు కోసి’ అన్న తరహా మాట కావాలి.

ఆంహెలెస్ పాటలో తిట్లు దాదాపు లేవు. పక్షం లేదని కాదు. 1919 నాటికి అధికారంలో ఉన్నవాళ్లూ విప్లవకారులే, చంపింది ఒకప్పటి తోటివాళ్లే. అలాంటప్పుడు ఎవరినీ తిట్టని పాట పట్టణంలో ఎక్కడైనా పాడుకోవచ్చు. మౌనాన్ని తటస్థత అనుకోవద్దు.

పాడే తీరులోనూ ఇదే గమనిస్తారు. మంచి పాటగాళ్లు గిటారో, బాహొ సెక్స్తో అనే పన్నెండు తీగల పెద్ద గిటారో మీటుతూ ముఖం కదలనివ్వకుండా పాడతారు. మరణవాక్యం దగ్గర గొంతు వణికించరు, వేగం తగ్గించరు. ఏడుపు వినేవాళ్లకు వదిలేస్తారు. సినిమా ఫక్కీలో గద్గదంగా పాడిన రికార్డు మొదట వింటే పాట స్వభావమే తప్పుగా పడుతుంది, పాతది ముందు వినండి.

తెలుగులో పెట్టేటప్పుడు

ఎనిమిదక్షరాల లెక్క తెలుగులో పట్టుకు వేళ్లాడొద్దు. స్పానిష్‌లో చిన్న మాటలు ఎక్కువ, మన క్రియాపదాలకే ఐదారు అక్షరాలు పోతాయి. లెక్క కోసం మాటలు తుంచితే పాట నత్తినత్తిగా వస్తుంది. నాలుగు చిన్న పాదాలు, రెండో నాలుగో పాదాల చివర ఒకే చప్పుడు, ఈ రెండూ నిలబెడితే చాలు. ‘సెన్యోరెస్’ను ‘పెద్దమనుషులారా’ అంటే సభ అయిపోతుంది, ‘అయ్యలారా’ అంటే సంత వినిపిస్తుంది. ‘వలియెంతె’కు ‘మహావీరుడు’ వద్దు, అది శిలాఫలకం మాట. ‘గుండెదిటవు గలవాడు’ దగ్గరగా ఉంటుంది. సంస్కృత సమాసాలు ఎన్ని వాడితే పాట అంత దూరం జరుగుతుంది. తలరాత చరణాన్ని ఇలా పెట్టొచ్చు:

చావంటే జంకే పిరికోళ్లల్లో
నేను లేను, వినండి మాట;
చావెవ్వరినీ చంపేది కాదు,
చంపేది నుదుటి రాత.

‘వినండి మాట’ మూలంలో లేదు, ప్రాస కోసం అతికింది. సైప్రస్ చెట్టు లాంటిదే అనుకోండి, పాటగాళ్లు ఒప్పుకునే అప్పు. ‘మాట’, ‘రాత’ కూడా నిక్కచ్చిగా కలవవు, దగ్గరి చప్పుడు మాత్రమే. కొర్రీదోల్లోనూ అచ్చులు కలిస్తే చాలనుకునే చోట్లు బోలెడు. నిజంగా పోయింది ఇంకొకటి. మూలంలో చంపేదాన్ని ‘మతదోరా’ అన్నారు, ఎద్దుల పోరులో ఎద్దును చంపే మతదోర్‌కు స్త్రీలింగ రూపం. ఆ పోరులో ఒక్కో ఘట్టాన్నీ ‘సువెర్తె’ అనే పిలుస్తారు. రెండు మాటలూ ఒకే పాదంలో పక్కపక్కన పడ్డాక అక్కడి శ్రోత చెవికి పోరు మైదానం తగలకుండా ఉండదు. దీన్ని పాటలో ఇరికించబోతే చరణం విరిగిపోతుంది. పాట కింద రెండు వాక్యాల వివరణగా రాయండి.